అంకోర్ గుళ్ల దగ్గర ఎకో హోటల్: రెట్టింపు రేటు దేనికి?

ముందు మీ ప్రశ్న నాకెలా అర్థమైందో చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. డిసెంబరు చివర్లో నాలుగు రాత్రులు కంబోడియాలో అంకోర్ గుళ్లకు దగ్గరి ఊరైన సియెం రీప్‌లో ఉంటారు. మీ దంపతులు, తొమ్మిదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారు. ఆవిడ శాకాహారి. మామూలు హోటల్లో గది 45 డాలర్లు. పద్దెనిమిది గదుల ‘సస్టెయినబుల్ బోటిక్’ హోటల్లో, అంటే పర్యావరణానికి హాని చేయమని చెప్పుకునే చిన్న హోటల్లో, 95. “ఆ యాభై డాలర్ల తేడా నిజంగా పర్యావరణానికి వెళ్తుందా, లేక వెదురు స్ట్రాలకీ ఇన్‌స్టా ఫొటోలకీ వెళ్తుందా?” అని అడిగారు.

కొన్ని హోటళ్లలో వెళ్తుంది, చాలావాటిలో వెళ్లదు. ఏది ఏ రకమో కనిపెట్టడం పెద్ద కష్టం కాదు కానీ, మనం చూసే చోటు మార్చుకోవాలి. నేను పద్దెనిమిదేళ్లు హోటళ్ల ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాను. పంపులు, బాయిలర్లు, లాండ్రీ, మురుగునీటి ప్లాంటు, అంటే గెస్టులకు కనపడకుండా గోడ వెనకాల దాచే సరుకంతా నా పని. సియెం రీప్‌కి మూడుసార్లు వెళ్లాను, ఒకసారి మా అమ్మను తీసుకుని. అందుకే లాబీ గురించి తక్కువ, పంపు గది గురించి ఎక్కువ చెప్తాను, ఓపిక పట్టండి.

అక్కడ అసలు సంగతి నీళ్లు. అంకోర్ గుళ్లు రాతి నేల మీద లేవు. నేల తవ్వి, ఇసుకను పొరలు పొరలుగా దట్టించి, ఆ దిమ్మ మీద రాళ్లు పేర్చారు. సున్నం గట్రా ఏమీ లేకుండా రాయి మీద రాయి. ఆ ఇసుక కింద కొద్ది మీటర్ల లోతులోనే భూగర్భజలం ఉంటుంది. వానాకాలంలో పైకొస్తుంది, ఏప్రిల్‌కి కిందికి దిగుతుంది. ఇసుక రేణువుల మధ్య నీళ్లు నిండి ఉన్నంతకాలం బరువులో కొంత ఆ నీళ్లు కూడా మోస్తాయి. నీళ్లు తోడేస్తే బరువంతా రేణువుల మీదే పడి, అవి ఇంకాస్త దగ్గరకు సర్దుకుంటాయి, నేల కుంగుతుంది. అంతటా ఒకేలా కుంగితే గుడికి ఏమీ కాదు. ఒక మూల ఎక్కువగా, ఇంకో మూల తక్కువగా కుంగినప్పుడే రాళ్లు జరుగుతాయి. ఎనిమిది వందల ఏళ్లకు పైగా నిలబడ్డ కట్టడాలు కాబట్టి రేపే పడిపోతాయని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అయితే గుళ్లకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని ఊళ్లో వందల కొద్దీ హోటళ్లు ఎవరి బోరు వాళ్లు వేసుకుని తోడుతుంటే, అక్కడి పరిరక్షణ నిపుణులు ఏళ్ల తరబడి ఆందోళన పడుతున్నారంటే అందులో అర్థముంది. 2018లో దాదాపు 26 లక్షల మంది విదేశీయులు అంకోర్ టికెట్ కొన్నారు. వాళ్లలో ప్రతి ఒక్కరూ పొద్దున, సాయంత్రం రెండుసార్లు స్నానం చేసి ఉంటారు, ఆ ఉక్కకి చేయక తప్పదు.

మనవాళ్లకి ఇది కొత్త విషయమేమీ కాదు. పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి కూడా ఇసుక నింపిన పునాది మీదే ఉంది. 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కినప్పుడు ఆ ‘శాండ్‌బాక్స్’ మాట మనందరి నోళ్లలోనూ నానింది. రామప్ప చెరువు పక్కనే రిసార్ట్ కట్టి, రోజూ లక్షల లీటర్ల భూగర్భజలం తోడితే మనకెలా ఉంటుందో ఊహించుకోండి. అక్కడివాళ్ల ఆందోళనా అలాంటిదే.

కాబట్టి 95 డాలర్ల హోటల్‌కి మెయిల్ పెట్టేటప్పుడు మొదట అడగాల్సింది “మీ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?” అని. పబ్లిక్ కనెక్షనా, సొంత బోరా? జపాన్ సాయంతో తోన్లే సాప్ సరస్సు నీటిని శుద్ధి చేసి ఊరికిచ్చే పథకం చేపట్టారు. అలాంటి కనెక్షన్ అందుబాటులో ఉండి కూడా బోరు మీదే నడిపే హోటల్ ‘గ్రీన్’ అని రాసుకుంటే నేను నమ్మను. బోరుంటే దానికి మీటరు ఉందా, నెలకు ఎంత తోడుతున్నారు అనేది రెండో ప్రశ్న. మీటరు ఉన్నవాడు లెక్క చెప్తాడు. లేనివాడు “మేము ప్రకృతిని ప్రేమిస్తాం” అని పేరాగ్రాఫ్ రాసి పంపిస్తాడు. నాకు అలాంటి మెయిళ్లు మూడు వచ్చాయి, మూడింట్లోనూ ఏనుగు బొమ్మ ఉంది.

ఇక వాడిన నీళ్లు ఎటు పోతాయి? సియెం రీప్ నది ఊరి మధ్యగా పారి తోన్లే సాప్‌లో కలుస్తుంది. కంబోడియా వాళ్ల చేపల కూరలో సగం ఆ సరస్సు నుంచే వస్తుంది. హోటల్‌కి సొంత శుద్ధి ప్లాంటు ఉందా, ఉత్త సెప్టిక్ ట్యాంకేనా అని అడగండి. చిన్న హోటల్‌కి పెద్ద ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) అక్కర్లేదు. గదుల స్నానాల నీటిని వేరుచేసి, వడపోసి తోటకు పెట్టినా చాలు. అక్కడికెళ్లాక “చూపిస్తారా?” అని అడగండి. నేను ఉన్న ఒక మంచి హోటల్లో మేనేజర్ కుర్రాడు చెప్పులు విడిచి నన్ను వెనక్కి తీసుకెళ్లి, రెల్లు మొక్కల మడి చూపించాడు. మురుగు అందులోంచి నెమ్మదిగా వడిసి రెండో గుంటలోకి దిగుతోంది. వాసన దాదాపు లేదు. ఎంత సంబరంగా చూపించాడంటే, నాకు గది చూపించేటప్పుడు కూడా అంత ఉత్సాహం లేదు. ఆ హోటల్‌కి మళ్లీ వెళ్లాను.

ఇంకో అనుభవం దీనికి పూర్తిగా రివర్స్. పేరు చెప్పను. గదిలో ప్లాస్టిక్ బాటిల్ లేదు, గాజు సీసాలు. కొబ్బరి పీచు సబ్బుపెట్టె. తలగడ మీద ‘భూమాతను కాపాడుదాం’ అన్న అర్థం వచ్చే కార్డు. మధ్యాహ్నం పన్నెండున్నరకి కిటికీ తీసి చూస్తే, మండుటెండలో పచ్చికకు స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి. ఆ ఎండకి నీళ్లలో కొంత గాల్లోనే ఆవిరవుతుందని తోటమాలికి తెలీకా కాదు, ఎవరూ అడగక. ఆ రాత్రి డీజిల్ జనరేటర్ పొగ మా గదిలోకే వచ్చింది. మా అమ్మ “ఏరా, దీనికేనా అంత డబ్బు పోసావు?” అంది. సమాధానం లేదు నా దగ్గర.

స్విమ్మింగ్ పూల్ చూసి హోటల్‌ని తిట్టేవాళ్లుంటారు. నేను అంత తొందరపడను. పది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సుమారు మీటరున్నర లోతు పూల్‌లో దాదాపు 60 వేల లీటర్లు పడతాయి. అది ఒక్కసారి నింపేదే. రోజుకి అయిదు మిల్లీమీటర్లు ఆవిరైందనుకుంటే పోయేది రెండొందల లీటర్లు. ఫిల్టర్ కడగడానికి ఇంకొంత. అదే వెయ్యి చదరపు మీటర్ల పచ్చికకు రోజుకి అయిదు మిల్లీమీటర్ల నీళ్లు పెడితే అయిదు వేల లీటర్లు! ముద్దాయి పూల్ కాదు, దాని చుట్టూ పరిచిన గోల్ఫ్ కోర్సులాంటి గడ్డి. చెట్లు, పొదలు, రాలిన ఆకులు కప్పిన నేల ఉన్న ఆవరణ ఫొటోలో కాస్త చిందరవందరగా కనిపిస్తే అది మంచి లక్షణం. ఒక ముక్క పక్కమాట: ‘సాల్ట్ వాటర్ పూల్, కెమికల్స్ లేవు’ అని రాస్తారు చూడండి, ఆ ఉప్పునీటిని కరెంటుతో విడగొట్టి తయారుచేసేది క్లోరినే. కళ్లకు కాస్త హాయిగా ఉంటుంది, అంతవరకే.

షవర్ సంగతి కూడా అంతే, లెక్క చూస్తే తెలుస్తుంది. పాతరకం షవర్ నిమిషానికి 15 లీటర్లు వదిలితే పది నిమిషాలకు 150. తక్కువ నీటితో పనిచేసేది ఎనిమిది వదిలితే 80. పద్దెనిమిది గదులు, గదికి ఇద్దరు, రోజుకి రెండేసి స్నానాలు, మీరే లెక్కేసుకోండి. తువ్వాళ్ల కార్డులో తప్పు లేదు, కానీ మీరు కొక్కేనికి తగిలించిన తువ్వాలును కూడా హౌస్‌కీపింగ్ వాళ్లు తీసుకెళ్లి ఉతికేస్తే ఆ కార్డు ఉత్త అలంకారం. మొదటి రోజే పరీక్షించవచ్చు.

ఏసీ గురించి మీ అత్తగారి భయం తీరుస్తాను. ‘సస్టెయినబుల్’ అంటే ఫ్యాను కింద ఉక్కపోస్తూ పడుకోవడం అనుకోకండి. దాదాపు ప్రతి చోటా ఏసీ ఉంటుంది. మంచి కట్టడంలో దాని అవసరం తగ్గుతుంది. ఎత్తైన కప్పు, నాలుగు వైపులా దిగిన చూరు, ఎదురెదురు కిటికీలు, పడమటి గోడకు నీడ, అంటే మన కోనసీమ మండువా ఇల్లు గుర్తు తెచ్చుకోండి. పాత ఖ్మేర్ (కంబోడియా వాళ్ల) చెక్క ఇళ్లు స్తంభాల మీద ఎత్తుగా ఉంటాయి, కింద గాలి ఆడుతుంది. వాటిని విప్పి తెచ్చి గదులుగా మార్చిన హోటళ్లు అందంగా ఉంటాయి. మీకు మాత్రం అవి వద్దు. ఆ గదికి ఎక్కాలంటే పది, పన్నెండు నిటారు మెట్లు. మోకాళ్ల నొప్పులావిడ రోజుకి ఆరుసార్లు ఎక్కి దిగలేరు. గ్రౌండ్ ఫ్లోర్ గది కావాలని రాతపూర్వకంగా తీసుకోండి. డిసెంబరులో రాత్రుళ్లు చల్లగా ఉంటాయి, కిటికీకి దోమతెర ఉంటే చాలామంది ఏసీ వేయరు కూడా.

నీళ్లు, కరెంటు తర్వాత నేను చూసేది మనుషుల్ని. పనివాళ్లలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎంతమంది, వాళ్లలో మేనేజర్ స్థాయికి ఎదిగినవాళ్లున్నారా, సర్వీస్ చార్జీ పనివాళ్లకి పంచుతారా? ఇవి అడగడం మనకు మొహమాటంగా ఉంటుంది కానీ, రెండో రోజు టిఫిన్ దగ్గర మాటల్లో పెడితే వాళ్లే చెప్తారు. ‘అనాథాశ్రమ సందర్శన’ ప్యాకేజీ పెట్టిన హోటల్ ఎంత పచ్చగా ఉన్నా వద్దు. పిల్లలు చూడటానికి పెట్టిన వస్తువులు కారని అక్కడి పిల్లల సంరక్షణ సంస్థలు ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. టూరిస్టుల డబ్బు కోసమే తల్లిదండ్రులున్న పిల్లల్ని కూడా అలాంటి చోట్ల పెట్టిన సంగతులు బయటపడ్డాయి. బాబుకి ఏదైనా మంచి పని చూపించాలనుకుంటే పుస్తకాలు పంచడం కాకుండా ‘ఫారే’ సర్కస్‌కి తీసుకెళ్లండి. పేద కుటుంబాల నుంచి వచ్చి కళలు నేర్చుకున్న యువకులు ఆడతారు, వాడికి నచ్చుతుంది.

ఇంకొకటి, ఇది కాస్త చేదు. 2022 నుంచి అంకోర్ ఆవరణలో కాపురముంటున్న వేల కుటుంబాలను దూరంగా రున్ తా ఎక్ అనే చోటికి తరలించారు. వాళ్లే ఇష్టపడి వెళ్లారని ప్రభుత్వం అంటుంది, బలవంతం జరిగిందని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2023లో నివేదిక ఇచ్చింది. హోటల్ బుక్ చేసే మనం దాన్ని ఆపలేం, కానీ ‘గుళ్ల పక్కన స్వచ్ఛమైన అడవి’ అన్న బ్రోచర్ మాట చదివినప్పుడు ఆ అడవిలో మొన్నటిదాకా జనం ఉండేవారని గుర్తుంటే మంచిది.

సరే, ఇక మీ ప్రయాణం. విమానాశ్రయం ఊళ్లోనే ఉందని చెప్పే పాత రాతలు నమ్మకండి. గుళ్లకు దగ్గరగా ఉన్న పాత విమానాశ్రయాన్ని మూసేసి, 2023 అక్టోబరులో దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో కొత్తది తెరిచారు. కారులో గంట పట్టొచ్చు. హోటల్ పికప్ ఇస్తుందా, ఎంతకి, ముందే తేల్చుకోండి. పెద్దావిడతో రాత్రిపూట దిగి టుక్‌టుక్ (అక్కడి ఆటో) వెతుక్కోవడం నాకిష్టం లేదు.

ఊరి నుంచి అంకోర్ వాట్ ఆరేడు కిలోమీటర్లే. కాబట్టి ‘గుళ్లకు అతి దగ్గర’ అని పది డాలర్లు ఎక్కువ అడిగితే ఇవ్వకండి. నది ఒడ్డునో, పాత మార్కెట్‌కి నడిచేంత దూరంలోనో ఉన్నా సరిపోతుంది. మూడు రోజుల పాస్ 62 డాలర్లు, పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు, వరుసగా వెళ్లాల్సిన పని లేదు. ఒక్క రోజుది 37. బాబుకి పన్నెండేళ్లు నిండలేదు కాబట్టి టికెట్ అక్కర్లేదు, కానీ పాస్‌పోర్టు జేబులో ఉండాలి. ప్రతి టికెట్ నుంచి రెండు డాలర్లు అక్కడి కాంథా బోఫా పిల్లల ఆసుపత్రికి వెళ్తాయి, మీకు తెలియకుండానే ఒక మంచి పని జరిగిపోతుంది. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. మీ అత్తగారి చీరకు ఎవరూ ఏమీ అనరు, ఇబ్బందల్లా మగవాళ్ల షార్టులతోనే.

అంకోర్ వాట్‌లో పై అంతస్తు, బాకాన్ అంటారు, మీ అత్తగారికి కుదరదు, మెట్లు బాగా నిటారు. పన్నెండేళ్ల లోపు పిల్లల్నీ పైకి పంపరు. అంటే నాయనమ్మ, మనవడు ఇద్దరూ కిందే. అదేమంత నష్టం కాదు. గుడికి ముఖద్వారం పడమర వైపు. లోపలికి వెళ్లగానే కుడివైపు వసారా గోడంతా కురుక్షేత్రం, ఎడమవైపు లంకా యుద్ధం. అంపశయ్య మీద భీష్ముణ్ణి చూసి మా అమ్మ అక్కడే స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయింది. గైడు ఇంగ్లీషులో మొదలుపెట్టేలోపే పక్కనున్న కొరియా వాళ్లకు చేతులతో కథ చెప్పేసింది! తూర్పు వసారాలో దాదాపు 50 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం. రెండో సూర్యవర్మ పన్నెండో శతాబ్దంలో విష్ణువుకి కట్టించిన గుడి ఇది, తర్వాత బౌద్ధుల చేతికొచ్చింది. ఈ మూడు గోడలకే ఒక పొద్దంతా కేటాయించండి. మధ్యలో ఆవిడకు కూర్చునే విరామాలు ఇవ్వండి.

మోకాళ్లకు ఇంకా తేలికైనది బాంతియే స్రే. 967లో ప్రతిష్ఠించిన చిన్న శివాలయం, గులాబీ రంగు రాయి, ఎక్కాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఊరి నుంచి టుక్‌టుక్‌లో గంట పైనే, దుమ్ముంటుంది కాబట్టి ఆ రోజుకి కారు తీసుకోండి. కైలాసాన్ని పెకలిస్తున్న రావణుడు, కొట్టుకుంటున్న వాలి సుగ్రీవులు, అన్నీ కింద నిలబడే చూడొచ్చు. తా ప్రోమ్‌కి మాత్రం జనం తగ్గాక మధ్యాహ్నం వెళ్లండి. చెట్ల వేళ్ల మధ్య ఉన్న ఆ గుడిని నిలబెట్టే పనిలో మన పురావస్తు శాఖ వాళ్లు కూడా పాలుపంచుకున్నారు.

తిండి విషయంలో జాగ్రత్త. అక్కడ కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పడుతుంది, చారులో ప్రహోక్ అనే చేపల ముద్ద కలుస్తుంది. వాళ్ల లెక్కలో అది మాంసాహారం కాదు, మనం ఇంగువ వేసుకున్నట్టు. “వెజిటేరియన్” అంటే తలూపి, సాస్ వేసే తెస్తారు. చిన్న హోటల్‌కి ఉన్న అసలు లాభం ఇక్కడే కనిపిస్తుంది. వంటావిడతో నేరుగా మాట్లాడొచ్చు. వచ్చిన రోజే మీరు వంటగది గుమ్మం దాకా వెళ్లి, ఏది వద్దో చేపల సాస్ సీసా చూపించి చెప్పండి. పెద్ద హోటల్లో ఆ మాట నాలుగు చేతులు మారి పోతుంది. మా అమ్మకు రెండో రోజు నుంచి అరటిపువ్వు సలాడ్, గుమ్మడికాయ కూర, అన్నం ప్రత్యేకంగా వచ్చాయి. ఊళ్లో భారతీయ హోటళ్లున్నాయి, అయినా ఒక ఆవకాయ సీసా సామాన్లో పెట్టుకోండి.

మీకు ఇంకో ప్రశ్న కూడా ఉంది, రెండు గదులకు నాలుగు రాత్రులంటే తేడా 400 డాలర్లు అవుతుంది కదా, అంత పెట్టొచ్చా అని. నేనైతే ఇలా చేస్తాను. ఆ పద్దెనిమిది గదుల హోటల్‌కి ఈ రాత్రే మెయిల్ పెట్టండి: నీళ్ల మూలం, బోరు మీటరు, మురుగు ఎటు పోతుంది, గ్రౌండ్ ఫ్లోర్ గది, చేపల సాస్ లేని వంట. అంకెలతో, సూటిగా జవాబొస్తే ఆ డబ్బుకి విలువ ఉంది. కవిత్వంతో వస్తే 45 డాలర్ల హోటల్లో దిగి, తువ్వాళ్లు మార్చొద్దని చెప్పి, నీళ్ల సీసాలు ఇంటి నుంచి తీసుకెళ్లి నింపుకోండి, సియెం రీప్‌లో రీఫిల్ చేసుకునే చోట్లు చాలా ఉన్నాయి. మిగిలిన డబ్బుతో నాలుగు రోజులూ ఒకే టుక్‌టుక్ డ్రైవర్‌ని మాట్లాడుకోండి. రెండో రోజుకల్లా మీ అత్తగారికి ఏ గుడి దగ్గర ఎక్కడ దింపితే తక్కువ నడకో అతనికే తెలిసిపోతుంది.

జవాబు వచ్చాక ఇక్కడ పెట్టండి, బోరు అంకెలు ఇస్తే నేను చూసి చెప్తాను.